ముందు ఇరుసు ఆయనది, వెనక ఇరుసు నాది

మొన్న మా వీధిలో ఒకాయన కొత్త జీపు కొని, నన్ను ప్రత్యేకంగా పిలిచి చూపించాడు. స్టీరింగు పక్కన ఒక బటన్ ఉంది. అది నొక్కితే వెనక చక్రాలు రెండూ ఒక్కటై తిరుగుతాయట, ఎంత బురదలో దిగబడ్డా బండి బయటికొస్తుందట. "మీ టైంల గివన్ని ఏడియి పెద్దాయనా" అన్నాడు. నాకు చిర్రెత్తింది. బతుకంతా జీపుల కింద వెల్లకిలా పడుకుని, కళ్ళల్లో గ్రీజు పడితే తుడుచుకుని లేచినవాణ్ణి పట్టుకుని అనవలసిన మాటేనా అది? మా కాలంలోనూ ఉండేది నాయనా. బటన్ ఒక్కటే ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకు చెబుదామనుకునేలోపే ఫోనొచ్చి లోపలికి పోయాడు. అందుకని మీకు చెబుతున్నాను. మీరైనా ఫోను పక్కన పెట్టి వినండి.

ఎనభైల మొదట్లో మాట. హనుమకొండలో, సుబేదారి వైపు, కరెంటు ఆఫీసు బండ్లకు ఒక షెడ్డుండేది. అందులో నేను ఫిట్టరును. షెడ్డులో ఫిట్టర్లను ఇద్దరిద్దరిగా జోడీ కట్టేవారు. ఒకరు బోల్టు పట్టుకుంటే ఒకరు బిగించాలి కనుక ఆ ఏర్పాటు. నా జోడీ మంచి పనిమంతుడు. ఈ మాట ఆయన ముందు నేనెప్పుడూ అనలేదు, ఎందుకంటే మేమిద్దరం అప్పట్లో మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఎందుకు మాట్లాడుకోలేదంటే చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. ఒక లారీ గుంతలో పడ్డప్పుడల్లా వెనక నుంచి డబడబమని చప్పుడు వస్తోందని మా దగ్గరికి వచ్చింది. నేను బేరింగు అన్నాను. ఆయన కాదు, ఇరుసు లోపలి క్రౌను పళ్ళు అన్నాడు. ఇద్దరం పంతానికి పోయి వెనక భాగమంతా విప్పి పరిచాం. బేరింగు బాగానే ఉంది, పళ్ళూ బాగానే ఉన్నాయి. మళ్ళీ అంతా బిగించాక లారీ డ్రైవరు సామాన్ల పెట్టె తెరిచాడు. ఎప్పుడో మొక్కు కోసం కొని మరిచిపోయిన కొబ్బరికాయ అందులో అటూ ఇటూ దొర్లుతోంది. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. ఆయన వల్ల నేను నవ్వులపాలయ్యానని నేను, నా వల్ల తాను నవ్వులపాలయ్యాడని ఆయన. అంతే, ఆ రోజు నుంచి మాటలు బంద్.

మాటలు లేకపోయినా జోడీ తప్పదు కదా. ఆఫీసు జీపు నడిపే డ్రైవరన్న మా ఇద్దరికన్నా పెద్దవాడు. ఆయన మా మధ్య టపా మోసేవాడు. నేనూ నా జోడీ ఒకే బండి కింద భుజం భుజం తగిలేలా పడుకుని ఉండేవాళ్ళం. "అన్నా, ఆయనను జర అటు జరుగుమను" అని నేననేవాణ్ణి. డ్రైవరన్న బీడీ పక్కన పెట్టి, వంగి, "జర అటు జరుగుమంటాండు" అని చెప్పేవాడు. "ఆయన కాలు తీస్తె జరుగుత అని చెప్పు" అని జవాబు. డ్రైవరన్న మళ్ళీ వంగి నాకది చెప్పేవాడు. పాపం, ఆయన నడుము నొప్పికి కారణం జీపు సీటు కాదు, మేమే.

ఆ వేసవిలో షెడ్డు గేటు దగ్గర ఒక అవ్వ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. తొర్రూరు అవతల, వాగు దాటితే ఆమె ఊరు. ఊరి పొలాలకు నీళ్ళు తోడే మోటార్లన్నీ ఒక్క ట్రాన్స్‌ఫార్మరు మీద నడిచేవి. అది కాలిపోయింది. బాగుచేసినది మా స్టోర్లో సిద్ధంగా ఉంది. కాని వాగు దాటించేదెట్లా? వాగులో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు, ఇసుక మాత్రం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా. లారీ పోయి ఇసుకలో ఇరుసుదాకా కూరుకుని, సగం ఊరు తోస్తే వెనక్కొచ్చింది. ఎడ్లబండి మీద పోదామంటే, కిందటేడు అలాగే తీసుకుపోతుంటే బండి పక్కకు ఒరిగి, ట్రాన్స్‌ఫార్మరు మీది పింగాణీ గిన్నెలన్నీ పగిలాయి. ఇక ఎడ్లబండి ఎక్కించవద్దని పెద్దసారు ఖరాకండిగా చెప్పేశాడు. ఎండలు ముదురుతున్నాయి. యాసంగి వరి, ఎండాకాలపు పంట, పొట్ట మీద ఉంది.

అవ్వ పొద్దున బస్సుకు వచ్చి, సద్ది మూట ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బస్సు దాకా కూర్చునేది. ఆఫీసులో సార్ల దగ్గరికి పోయి అడుగవ్వా అన్నాను ఒకరోజు.

"పోయిన కొడుకా. సార్లు తలుపు పెట్టుకుంటాండ్రు. మీ షెడ్డుకు తలుపే లేదు, అందుకే ఈడ కూసున్న" అంది.

"ఎంత పొలమున్నదవ్వా?"

"ఉన్నది గంతే. కాలువకు ఆఖరు మడి నాది. మొగడు పోయినంక గదే నాకు మొగడు, గదే కొడుకు. కంకి ఎల్లే యాళ్ళ నీళ్ళు లేకుంటె అంతా తాలే. తాలు తిని బతుకుతననుకుంటానవా నేను?"

తలుపు లేని షెడ్డులో పనిచేస్తున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మాకప్పుడు ఒక కుర్ర ఇంజనీరు సారు కొత్తగా వచ్చి ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, డ్రైవరన్నను కూడా మీరు అని పిలిచేవాడు. డ్రైవరన్న మొదట్లో ఆ మీరు ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. ఈ ఇంజనీరు ఏదో ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకుని ఒకరోజు షెడ్డుకొచ్చి, "మన జీపుతో ట్రైలరు కట్టి వాగు దాటించవచ్చండీ, దాని ఇరుసుల్లో రెండు మార్పులు చేస్తే చాలు" అన్నాడు.

ఆ మార్పులేమిటో మీకు కొంచెం చెప్పాలి, ఎక్కువ విసిగించను. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఆ సర్దుబాటు చేసేది ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్. దానికొక చెడ్డ గుణముంది. ఒక చక్రం ఇసుకలో పట్టుతప్పి ఊరికే గిర్రున తిరిగితే, ఇంజను తిప్పేదంతా దానికే పోతుంది. గట్టి నేల మీద ఉన్న చక్రం చేతులు కట్టుకుని చూస్తుంటుంది. మా ఆఫీసులో ప్రమోషన్లు ఇచ్చే పద్ధతి కూడా ఇదేనని డ్రైవరన్న అనేవాడు. ఆ పంపకం జరగకుండా రెండు చక్రాలనూ ఒకటి చేయడమే లాకింగు. బయటి దేశాల్లో దానికి విడిగా సామాను దొరుకుతుందట. మాకు దొరికేది మండిబజారు వెల్డింగు దుకాణం. లోపలి చిన్న పళ్ళచక్రాలను కదలకుండా ఒకదానికొకటి అతికించేయడమే.

రెండో మార్పు పళ్ళ మార్పు. ప్రతి ఇరుసులోనూ క్రౌను అనే పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే పినియను అనే చిన్నది, ఒక జత ఉంటుంది. ఆ జతను మార్చి, ఇంజను ఎక్కువసార్లు తిరిగితే గాని చక్రం ఒక చుట్టు తిరగకుండా చేస్తే, వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. ఒక్కటే షరతు. నాలుగు చక్రాలూ లాగే బండిలో ముందు ఇరుసు జత, వెనక ఇరుసు జత, రెండింటి లెక్కా ఒకటే అయి ఉండాలి. లేకపోతే ముందు చక్రాలొక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో పోదామని చూసి, ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. ఇది షెడ్డులో గేటు కాపలావాడికి కూడా తెలుసు. నాకు తెలుసు, నా జోడీకి తెలుసు.

షెడ్డు వెనక ముళ్ళకంపలో రెండు పాత జీపులు పడి ఉండేవి, హర్రాజుల్లో కొన్నవి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి పసుపుది. రెండింటి పళ్ళూ మా జీపు పళ్ళకన్నా నెమ్మదివేనని, కాని ఒకదాని లెక్క ఇంకోదానికి కలవదని ఇంజనీరు సారు లెక్కగట్టి చెప్పాడు. "ఏదో ఒక బండిలోంచి ముందుదీ వెనకదీ తీసి వేయండి" అని చెప్పి, ముందు ఇరుసు నా జోడీకి, వెనక ఇరుసు నాకు పంచి, ఊళ్ళోకి లైను చూడడానికి వెళ్ళిపోయాడు.

నేను ఆకుపచ్చ జీపు దగ్గరికి పోయాను. డ్రైవరన్నతో, "అన్నా, ఆయన ఏ బండిది ఇప్పుతాండో జర అడుగు" అన్నాను. డ్రైవరన్న కంపకు అటువైపు పోయి అడిగి వచ్చాడు. "మంచిగున్న బండిది ఇప్పుతాన అని చెప్పు అన్నడు" అన్నాడు. రెండింట్లో మంచిగున్నది ఆకుపచ్చదేనని కళ్ళున్న ఎవడికైనా తెలుసు, కనుక ఆయనా అదే విప్పుతాడని నేను నిశ్చింతగా ఉన్నాను. నేను వెనక ఇరుసు విప్పుకుని వచ్చేశాను. తర్వాత తెలిసిందేమంటే, ఆయన కళ్ళకు మంచిగున్నది పసుపుది. ఇంకో మనిషైతే నాలుగడుగులు వేసి చూసేవాడు. కాని నేను పోయి చూస్తే ఆయన దగ్గరికి నేను పోయినట్టవుతుంది కదా. ఆయనా అలాగే అనుకున్నాడు. పైగా మధ్యాహ్నం ఎండ.

పనిలో మాత్రం వంక పెట్టలేరు. పళ్ళు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడడానికి సింధూరం నూనెలో కలిపి పళ్ళకు పూసి తిప్పేవాళ్ళం. మచ్చ పన్ను నడుమ పడితే సరిగ్గా కూర్చున్నట్టు. నా మచ్చ నడుమ పడింది. ఆయనదీ నడుమే పడిందని డ్రైవరన్న వచ్చి చెప్పాడు, నేనడక్కపోయినా. డ్రైవరన్నే మిగిలిన సింధూరంతో జీపు ముందు ముక్కుకు బొట్టు పెట్టాడు. నా వెనక ఇరుసుకు వెల్డింగు కూడా అయ్యింది. ఇంజనీరు సారు తిరిగొచ్చి, "ఇద్దరూ మాట్లాడుకునే చేశారు కదండీ?" అనడిగాడు.

"మాట్లాడకేంది సార్, పొద్దంత మాట్లాడిండ్రు" అన్నాడు డ్రైవరన్న. "నా నోటితోని."

సారుకు అర్థం కాలేదు, నవ్వి ఊరుకున్నాడు. పక్కన కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంటే, నాలుగు చక్రాలూ లాగేలా రాడ్డు వేసి దాని మీదికి ఎక్కించాం. జీపు మేకలా ఎక్కి దిగింది. వదులు ఇసుకలో చక్రాలు కొంచెం జారుతూ సర్దుకుంటాయి కనుక, లోపల ఉన్న లోపం బయటపడలేదు. మేం చప్పట్లు కొట్టాం. గేటు దగ్గరి అవ్వ మాత్రం కొట్టలేదు.

"కుప్ప ఎక్కుడు కాదు, నా వాగు ఎక్కుండ్రి" అంది.

మర్నాడు డ్రైవరన్న జీపును మామూలుగా, వెనక రెండు చక్రాలే లాగేలా, బజార్లోకి తీసుకుపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. వేగం చచ్చిపోయింది. సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటిపోతూ వెనక్కి చూస్తున్నారు. పాలక్యాన్లు కట్టుకున్న ఒకాయన, "తోయాల్నా అన్నా?" అని మర్యాదగా అడిగాడు. డ్రైవరన్న ముఖం గంటు పెట్టుకున్నాడు. అది చాలదన్నట్టు హనుమకొండ చౌరస్తాలో స్టీరింగు తిప్పితే జీపు తిరగలేదు. వెనక చక్రాలు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి కదా, నేరుగానే పోతామని మొండికేశాయి. టైర్లు కీచుమని ఏడ్చాయి. జీపు మెల్లగా, చాలా మర్యాదగా, చెరకురసం బండి మీదికి పోయింది. రసం తాగుతున్న మనిషి గ్లాసుతో సహా గెంతాడు. ఆ మనిషి మా పెద్దసారు.

ఆయన అంగీ మీద రసం తుడుచుకుంటూ మా ఇంజనీరును పిలిపించాడు. జీపును ఉన్నదున్నట్టు మునుపటిలాగా చేసి పెట్టాలన్నాడు. ఇంజనీరు సారు తల వంచుకుని అంతా విన్నాడు. చివరికి, "ఒక్క పని ఉందండి, అది చేసుకొచ్చి విప్పేస్తాం" అన్నాడు. పెద్దసారు "రేపు సాయంత్రానికి బండి షెడ్డులో ఉండాలె. ఆ డబ్బా పగిలితె మాత్రం నీ పేరు మీదనే రాస్త" అన్నాడు. ఇంజనీరు సారు వయసులో నాకన్నా చిన్నవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. అయినా సరేనన్నాడు. నాకు ఆ క్షణంలో ఆయనంటే గౌరవం కలిగింది.

తెల్లవారి ట్రైలరు మీద ట్రాన్స్‌ఫార్మరును తాళ్ళతో బిగించి బయలుదేరాం. డ్రైవరన్న, ఇంజనీరు సారు, వెనక ఎదురుబదురుగా నేనూ నా జోడీ. అవ్వ ముందు సీటు తనదేనంది, సారు వెనక నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. డబ్బా దిగేదాకా కళ్ళతో చూస్తానంది. వరంగల్ దాటింది మొదలు తొర్రూరు పోయే బస్సులన్నీ మమ్మల్ని దాటిపోయాయి. ప్రతి బస్సుకూ డ్రైవరన్న తల పక్కకు తిప్పుకున్నాడు. అవ్వకు మాత్రం ఆ నడక నచ్చింది. "మంచిగ పోతాంది బిడ్డా, ఏ శేను ఎట్లున్నదో అగుపడతాంది" అంది. దారి పొడుగునా ఎవరి వరి పచ్చగా ఉందో, ఎవరిది ఎర్రబారిందో లెక్కబెడుతూ వచ్చింది. తొర్రూరు దాటాక లెక్కబెట్టడం మానేసింది.

వాగు వచ్చింది. డ్రైవరన్న దిగి టైర్లలో గాలి తగ్గించి, నాలుగు చక్రాలూ కలిపి, తక్కువ గేరులో దింపాడు. మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ జీపు ఇసుకలో నడిచిన నడక ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. లారీ కూరుకుపోయిన గుంత పక్క నుంచే, తొందర లేకుండా, ట్రైలరును వెంటేసుకుని పోయింది. అవతలి ఒడ్డున ఊళ్ళోవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. స్తంభాల దగ్గర మా లైన్‌మెన్లు ఎదురుచూస్తున్నారు. ఇంజనీరు సారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇసుక అయిపోయి బండ మొదలైంది. ఒడ్డెక్కే దారంతా గట్టి రాయి, ఏటవాలు. జీపు ముందు చక్రాలు బండ మీద పెట్టిందో లేదో, కుంటి గుర్రంలా ఎగిరింది. ఇంకొంచెం పోయింది, మళ్ళీ ఎగిరింది. కింద నుంచి మూలుగు వినబడింది. బిగుసుకుపోయి నిలబడిపోయింది, ఇంజను ఆగిపోయింది. డ్రైవరన్న ముందు చక్రాలను విడదీసే రాడ్డు లాగాడు. రాలేదు. కాలు పెట్టి తన్నాడు. రాలేదు. వెనక్కి పోనిద్దామంటే వెనక ఏటవాలులో ట్రైలరు, అది అడ్డం తిరిగితే ట్రాన్స్‌ఫార్మరు నేల మీద ఉంటుంది. మేం దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాం.

ముందు చక్రంలో ఏదో పట్టుకుందనుకుని నేను జాకీ పెట్టి లేపాను. చక్రం నేల వదిలిందో లేదో, ఎవరూ ముట్టుకోకుండానే గిర్రున తనంతట తాను తిరిగి ఆగింది. గుంపులో ఒకాయన దండం పెట్టాడు. అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. నేను తలెత్తితే, ఇంకో పక్క నుంచి నా జోడీ కూడా తలెత్తాడు. ముందూ వెనకా ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటే తప్ప చక్రం అలా తిరగదు. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఇద్దరమూ డ్రైవరన్న వైపు తిరిగాం.

"అన్నా, ఆయన ఏ బండిది ఇప్పిండో సక్కగ అడుగు" అన్నాను నేను.

"ముందు ఆయనను చెప్పుమను" అన్నాడు నా జోడీ.

"ఆయన ముందు చెప్పుమంటాండు" అన్నాడు డ్రైవరన్న నాతో.

"నేనెందుకు చెప్పాలె, మొదలు అడిగింది నేను అని చెప్పు."

డ్రైవరన్న అటు తిరిగి నోరు తెరిచాడు. అవ్వ వచ్చి ఆయన నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు నోరు మూసుకో కొడుకా" అంది ఆయనతో. తర్వాత మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "అగో, గా కానొచ్చేదే నా మడి. ఈడి నుంచి చూస్తె పచ్చగనే ఉంటది, దగ్గరికి పోతె నెర్రెలు. నేను మీ గేటు కాడ ఎండల కూసున్నది మీ మొకాలు చూస్తందుకా? ఆలుమగలు గూడ గిట్ల అలగరు గదరా. ఇగో, నీకు నోరున్నదా? ఈనికి చెవులున్నయా? నా వరి సచ్చినంక మాట్లాడుకుంటరా?"

ఆమె గొంతు చివర్లో వణికింది. అన్నాళ్ళూ గేటు దగ్గర మమ్మల్ని ఆడిపోసుకున్న మనిషి గొంతు వణకడం నేనదే వినడం. ఊళ్ళోవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు, ఇంజనీరు సారు ముఖం తెల్లబోయి ఉంది.

"ఆకుపచ్చది" అన్నాను నేను, నా జోడీ ముఖం చూస్తూ.

"పసుపుది" అన్నాడాయన.

"పసుపుది మంచిగున్నదా?"

"నీ ఆకుపచ్చదానికి టాపే లేదు."

"టాపుతోని పనేంది, పండ్లు మార్చేదానికి?"

"మళ్ళ షురూ జేసిండ్రు" అంది అవ్వ.

అప్పటికి మా ఇద్దరికీ నవ్వొచ్చింది, కాని ఆమె ముందు నవ్వే ధైర్యం లేదు. ఆయనే ముందు తేరుకున్నాడు. "ముందు ఇరుసును తిప్పే షాఫ్టు ఇప్పేద్దాం. ముందు చక్రాలకు పనే ఉండది. తక్కువ గేరుల వెనక చక్రాలతోనే ఎక్కుతది" అన్నాడు. మామూలు జీపైతే బండ మీద అలా ఎక్కదు, ఒక వెనక చక్రం జారితే అయిపోయినట్టే. కాని మా వెనక చక్రాలు రెండూ అతికి ఉన్నాయి, ఒకటి జారినా రెండోది వదలదు. ఇంజనీరు సారు కూడా అదే అన్నాడు, "వెల్డింగు అందుకే కదండీ చేయించింది" అని. ఆయన గొంతులోకి మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఇద్దరం జీపు కింద దూరాం. షాఫ్టు బోల్టులు విప్పడం మామూలు రోజుల్లో చిన్న పని. ఏటవాలు బండ మీద, రాళ్ళ మీద ఆనుకున్న బండి కింద చిన్న పని కాదు. ఒకరు షాఫ్టు పట్టి ఉంచాలి, ఒకరు విప్పాలి, మాట తేడా వస్తే వేళ్ళు పోతాయి. "పట్టినవా?" "పట్టిన." "వదులుతాన." "ఆగు, ఆగు. ఇప్పుడు వదులు." బండి కింద మా మధ్య అన్నాళ్ళకు నడిచిన మొదటి సంభాషణ ఇదే. ఇందులో తిట్టు ఒక్కటి కూడా లేదని డ్రైవరన్న తర్వాత ఆశ్చర్యపోయాడు. షాఫ్టు ఊడి ఆయన గుండెల మీద పడింది. దెబ్బ తగిలిందా అని అడిగాను. లేదన్నాడు. తగిలిందని నాకు తెలుసు.

డ్రైవరన్న మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. రాళ్ళు తీశాం. జీపు ఒకసారి ఊగి, వెనక చక్రాలు రెండూ ఒక్కసారే బండను కరిచి, నత్తలా ఎక్కింది. ట్రైలరు దాని వెనకే ఎక్కింది. తాళ్ళు బిగువుగానే ఉన్నాయి. పింగాణీ గిన్నెలు నిక్షేపంగా ఉన్నాయి. "చూసినవా, నా ఇరుసు ఎక్కింది" అన్నాను. "నా షాఫ్టు ఇప్పినందుకు ఎక్కింది" అన్నాడాయన. ఇప్పటికీ అడిగినా నేనిదే చెబుతాను. ఆకుపచ్చ జీపే మంచిది. పసుపుది విప్పడం ఆయన తప్పు.

లైన్‌మెన్లు ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించి, ఫ్యూజులు పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. మోటార్లు ఒక్కొక్కటే అందుకున్నాయి. పెద్దసారు చెప్పిన గడువు గుర్తుచేస్తూ డ్రైవరన్న హారను కొట్టాడు, కాని ఎవరమూ కదల్లేదు. అవ్వది కాలువకు ఆఖరు మడి అని అందరికీ తెలుసు. నీళ్ళు ముందటి మళ్ళను తడుపుకుంటూ ఎప్పుడొస్తాయో ఏమో. మేం గట్టు మీద కూర్చున్నాం. నా జోడీ, నేను కొబ్బరికాయ సంగతి మొదలుకుని అన్నీ మాట్లాడుకున్నాం. ఆయన బిడ్డకు పచ్చకామెర్లై తగ్గిందని అప్పుడు తెలిసింది. పక్కనే పనిచేస్తూ ఆ సంగతి తెలియనందుకు నాకు బాధేసింది. నీళ్ళు వచ్చాయి. నెర్రెల్లోకి దిగుతుంటే బుడబుడమని చప్పుడైంది. అవ్వ మడిలోకి దిగి నిలబడింది, మమ్మల్ని చూడలేదు. ఇంజనీరు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తిరుగు ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను, డ్రైవరన్న ఆత్మకు శాంతి కలగాలి కనుక. ముందు చక్రాలు లాగవు కనుక వాగు నడుమ ఇసుకలో దిగబడ్డాం. అవ్వ తమ ఊరి ఎడ్లను తోలించి మమ్మల్ని ఇవతలి ఒడ్డుకు చేర్పించింది. డ్రైవరన్న తువ్వాలు ముఖానికి కప్పుకుని స్టీరింగు పట్టుకున్నాడు. గడువు దాటాక షెడ్డు చేరాం. పెద్దసారు ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి, ట్రాన్స్‌ఫార్మరు లేదని చూసుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు. తర్వాత మేం వెల్డింగు చేసినది పీకి కొత్త సామాను వేశాం. ముందుకూ వెనకకూ పాత పళ్ళే మళ్ళీ బిగించాం. అప్పుడు మాత్రం ఇద్దరం ఒకరి పళ్ళను ఒకరం లెక్కబెట్టుకున్నాం. డ్రైవరన్నకు టపా పని పోయింది.

కోతలైపోయాక అవ్వ మళ్ళీ గేటు దగ్గర కనబడింది. మేమిద్దరం భయపడ్డాం. ఆమె తలమీద ఒక మూట ఉంది. కొత్త బియ్యం. నాకిస్తే నా ఇంటికి పోతుంది, ఆయనకిస్తే ఆయన ఇంటికి పోతుందని ఆలోచించుకుని వచ్చినట్టుంది. "ఇద్దరికి కలిపి గిదొక్కటే మూట. ఒక్కతాన వండుకుని తినుండ్రి. పంచుకున్నరని తెలిస్తె ఊకోను" అని చెప్పి, బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆయన భార్యనూ పిల్లలనూ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. డ్రైవరన్నా వచ్చాడు. మా ఆవిడ పాత బియ్యానికి పోసినట్టే ఎసరు పోసింది. కొత్త బియ్యం కదా, అన్నం ముద్దముద్దయింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, "అవ్వ బియ్యానికి నీళ్ళెక్కువైనయ్ వదినా" అన్నాడు.

అని, చెయ్యి కంచంలో అలాగే ఉంచి నా వైపు చూశాడు. నేనూ ఆయన్నే చూస్తున్నాను. ముందు ఆయన నవ్వాడు. తర్వాత నేను. ఆడవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. డ్రైవరన్న వాళ్ళకు చెబుదామని నోరు తెరిచి, చెప్పలేక తానూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముద్దన్నం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాం.